పాతిక సెంట్లలో బాతులు: జాతి కంటే ముందు నీళ్ల సంగతి చూసుకోండి

మంగళగిరి దగ్గర పాతిక సెంట్ల స్థలం ఉంది, బోరు ఉంది, కొబ్బరి, అరటి వేశాం, ఇంటికీ చుట్టుపక్కల వాళ్లకీ గుడ్లు సరిపోయేలా పది బాతులు పెంచుదామనుకుంటున్నాం అని రాశారు. ఏ జాతి తీసుకోవాలి, చెరువు తవ్వించాలా, కోళ్ల మేత పెడితే సరిపోతుందా అని అడిగారు. మాది తెనాలి వైపు పల్లెటూరు. మా దొడ్లో చాలా ఏళ్లుగా బాతులున్నాయి. అందుకని కాస్త వివరంగానే చెప్తాను.

అందరూ జాతి దగ్గర మొదలుపెడతారు. నేను చూసినంతలో మన ప్రాంతంలో బాతులు నిలబడటమైనా, చేయి జారిపోవడమైనా ఎక్కువగా నీళ్ల వల్లే. అవి తాగే నీళ్లు ఎక్కడివి, అవి పాడుచేసిన నీళ్లు ఎటు పోతాయి? ఈ రెండూ తేల్చుకున్నాక జాతి గురించి ఆలోచించండి.

చెరువు అక్కర్లేదు. ఈత లేకపోయినా బాతు హాయిగా బతుకుతుంది, గుడ్లూ పెడుతుంది. కానీ ముక్కు మొత్తం, ముక్కు రంధ్రాలతో సహా మునిగేంత లోతు నీళ్లు మాత్రం దాని ముందు ఎప్పుడూ ఉండాలి. పెద్ద బాతులకు ఐదారు అంగుళాల లోతు చాలు. మేత తినే బాతును ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ముక్కుతో రెండుసార్లు తవుడు అందుకుంటుంది, పరుగున నీళ్ల దగ్గరికి పోతుంది, ముక్కు ముంచి బుడబుడలాడించి, తల విదిలించి మళ్లీ మేత దగ్గరికి వస్తుంది. ఆ నీళ్లు లేకపోతే తడి తవుడు ముక్కు రంధ్రాల్లో గట్టిపడిపోతుంది. కళ్ల చుట్టూ పుసి కడుతుంది, రెప్పలు అంటుకుపోతాయి. చాలామంది దాన్ని జబ్బనుకుని మందుల షాపుకు పరిగెడతారు. నీళ్ల తొట్టి లోతు పెంచితే మొదట్లోనే తగ్గిపోతుంది. నీళ్లు దగ్గర లేనప్పుడు మేత మాత్రం పెట్టకండి, గొంతుకు అడ్డం పడుతుంది.

ఇక పాడైన నీళ్లు. పది బాతులు ఒక టబ్బు నీళ్లను పూటలో బురద చేసేస్తాయి. ఆ టబ్బు ఒకేచోట ఉంచితే చుట్టూ చిత్తడి అయిపోయి కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి, పక్కింటివాళ్లతో మాట వస్తుంది. మీకు అరటి ఉంది కాబట్టి అదృష్టవంతులు. ప్లాస్టిక్ టబ్బులు రెండు కొని, రోజూ ఒక అరటి గుబురు నుంచి ఇంకో గుబురుకు మార్చుతూ, సాయంత్రం ఆ నీళ్లు అరటి మొదళ్లలోనే ఒంపేయండి. మా అరటికి విడిగా ఎరువు కొనే పని బాగా తగ్గింది. సిమెంటు గాబు కట్టించాలనుకుంటే మాత్రం అడుగున ఒక గొట్టం, దాన్నుంచి చెట్ల దాకా చిన్న కాలువ తప్పకుండా పెట్టించండి. గొట్టం లేని గాబును రోజూ చెంబుతో తోడి కడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

జాతి విషయానికొస్తే, మీకు కావాల్సింది గుడ్లు కాబట్టి ఖాకీ కాంప్‌బెల్ తీసుకోండి. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో అడెల్ కాంప్‌బెల్ అనే ఆవిడ రన్నర్ అనే జాతి బాతుల్ని వేరే జాతులతో కలిపి తయారు చేసిన జాతి ఇది. సరైన మేత ఉంటే ఏడాదికి 250 నుంచి 300 గుడ్లు పెడుతుంది. గుడ్డు 65, 70 గ్రాములు తూగుతుంది. నాలుగున్నర, ఐదు నెలలకు గుడ్డుకు వస్తుంది. దీనికున్న లోటు ఒక్కటే, పొదగదు. పిల్లలు కావాలంటే నాటుకోడి కింద గుడ్లు పెట్టాల్సిందే. 28 రోజులు పడుతుంది. రెండో వారం దాటాక రోజూ గుడ్ల మీద కాసిని గోరువెచ్చని నీళ్లు చిలకరించండి, బాతు గుడ్డుకు ఆ తడి కావాలి.

మన నాటు బాతు గుడ్లు తక్కువ పెట్టినా గట్టి పిండం. తిరిగి తినే చోటుంటే నాకు అదే ఇష్టం. కానీ పాతిక సెంట్లలో కట్టడి చేసి పెంచుతారు కాబట్టి మీకు దాని లాభం తెలియదు. వైట్ పెకిన్ మాంసానికి, ఏడెనిమిది వారాల్లో రెండు కిలోలు దాటుతుంది, మీకు దాంతో పని లేదు. మస్కోవీ అరవదు, బుస కొడుతుంది అంతే. కాబట్టి ఇళ్ల మధ్య పెంచుకునేవాళ్లకు బావుంటుంది, తనే చక్కగా పొదుగుతుంది కూడా, దాని గుడ్లకు 35 రోజులు. కానీ గుడ్లు తక్కువ. మగ మస్కోవీని మిగతా బాతుల్లో కలిపితే పుట్టే పిల్లలు గొడ్డుపోతాయి, అది గుర్తుంచుకోండి.

గుడ్లకు మగబాతు అవసరం లేదు. పిల్లలు కావాలంటే ఆరేడు ఆడబాతులకు ఒకటి చాలు. మగవి ఎక్కువైతే ఆడవాటి మెడ మీద ఈకలు ఊడేదాకా వేధిస్తాయి. మీ కోళ్లు కూడా అదే దొడ్లో ఉంటే వాటినీ వదలవు. కొనేటప్పుడు చిన్నపిల్లల్లో ఆడ, మగ తేడా మనకు తెలియదు. రెండు నెలల వయసున్నవి దొరికితే ఒక్కోదాన్ని చేత్తో పట్టుకుని అరుపు వినండి. గట్టిగా క్వాక్ క్వాక్ అని అరిస్తే ఆడది, గొంతు పూడుకుపోయినట్టు బొంగురుగా అంటే మగది. ఇంకా పెద్దయ్యాక మగదానికి తోక దగ్గర ఒకటి రెండు ఈకలు పైకి సుడి తిరుగుతాయి.

ఎక్కడ కొనాలంటే, బెంగళూరు హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ పౌల్ట్రీ సంస్థ ఉంది, ఖాకీ కాంప్‌బెల్ అక్కడ పెంచుతారు. ముందే బుక్ చేసుకోవాలి. పది పిల్లల కోసం అంత దూరం దండగ అనుకుంటే ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి తెప్పించుకోండి. కోతలయ్యాక మన చేలల్లోకి వేల బాతుల్ని తోలుకొచ్చేవాళ్ల దగ్గర చవగ్గా దొరుకుతాయి, కానీ అవి ఎన్ని ఊళ్ల నీళ్లు తాగి వచ్చాయో తెలియదు. తీసుకుంటే కనీసం మూడు వారాలు విడిగా ఉంచండి.

మేత గురించి మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. కోడిపిల్లల మేత పెట్టొచ్చు, కానీ బాతుపిల్లకు నియాసిన్ అనే విటమిన్ కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి. అది చాలకపోతే రెండు మూడు వారాల వయసులో కాళ్లు వంకరపోయి, మడమల మీద కూర్చుండిపోతాయి. మేతలో కొద్దిగా ఈస్ట్ పొడి, తవుడు కలిపితే సరిపోతుంది. కొనేటప్పుడు మందులు కలపని మేత అడగండి.

అంతకంటే ముఖ్యం బూజు. అఫ్లటాక్సిన్ అనే బూజు విషానికి బాతంత సున్నితమైన పక్షి ఇంకోటి లేదు. కోడి తట్టుకునే మోతాదుకే బాతు లివర్ పాడై చస్తుంది. మన గుంటూరు వైపు వేరుశనగ చెక్క సులువుగా దొరుకుతుంది కదా అని పశువులకు పెట్టినట్టు బాతులకూ పెట్టేస్తారు. దయచేసి వద్దు. ఆ చెక్కలో, వానకు తడిసిన మొక్కజొన్నలో ఈ విషం ఉండే అవకాశం ఎక్కువ, కంటికి బూజు కనపడకపోయినా ఉండొచ్చు. నూకలు, తవుడు, సోయా చెక్క, కాసిని ఎండుచేపల పొడి, ఆల్చిప్పల పొడి, పచ్చిమేతగా నీళ్ల మీద తేలే నాచులాంటి మొక్క అజొల్లా వేసుకుంటే మంచిది. గుడ్డు పెట్టే బాతు రోజుకు 120 నుంచి 170 గ్రాములు తింటుంది. తడిపిన మేత మిగిలితే సాయంత్రానికి పారెయ్యండి, పొద్దుటిది మర్నాటికి ఉంచొద్దు.

పిల్లలకు మొదటి వారం 30 డిగ్రీల వేడి ఉండేలా బల్బు పెట్టి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడుతుంటే చలి, గోడల దగ్గరికి పోయి నోళ్లు తెరుస్తుంటే వేడి. తల్లి లేని పిల్లల్ని ఈకలు వచ్చేదాకా నీళ్లలోకి దించొద్దు. వాటి నూగు తడిసిపోతుంది, చలికే చచ్చిపోతాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే ముక్కు మునుగుతుంది, పిల్ల మునగదు. రోహిణి కార్తె ఎండల్లో పిల్లల్ని తేకండి, దసరా దాటాక తెచ్చుకోండి.

ఇప్పుడు మన కృష్ణా, గుంటూరు వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది. బాతుల్ని బయటికి వదిలేవాళ్లకు పెద్ద గండం వరి మడిలో వేసే పురుగుమందు గుళికలు. కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లిన మడిలో దిగిన బాతులు గంటల్లో పోతాయి. మిర్చికి, పత్తికి మందు కొట్టాక డ్రమ్ములు కడిగిన నీళ్లు బోదెల్లోకి వస్తాయి, అదీ అంతే. పక్క రైతుతో సఖ్యంగా ఉండి ఎప్పుడు మందు కొడతాడో ముందే అడిగి తెలుసుకోండి. ఆ వారం బాతుల్ని దొడ్లోనే ఉంచండి.

రెండోది ఎండాకాలంలో వస్తుంది. ప్రకాశం బ్యారేజీ కాలవలకు నీళ్లు ఆపేశాక పంట కాలువల్లో అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. చేపలు చచ్చి కుళ్లుతాయి, వాటికి పురుగులు పడతాయి, బాతులు ఆ పురుగుల్ని ఇష్టంగా ఏరుకు తింటాయి. ఆ కుళ్లులో బొటులిజం విషం పుడుతుంది. ఒక వేసవిలో మా ఊరి చివర మడుగు దగ్గర పక్కింటివాళ్ల బాతుల్ని నేను కళ్లారా చూశాను. ముందు కాళ్లు లాగి నడవలేకపోయాయి, తర్వాత రెక్కలు వాలిపోయాయి, చివరికి మెడ నిలవక ముక్కు నేలకు ఆన్చి అలాగే పడి ఉన్నాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. మెడ నిలవని బాతు నీళ్ల అంచున ఉంటే తల జారి అరచేతి లోతు నీళ్లలోనే మునిగి చస్తుంది. అలాంటి వాటిని వెంటనే నీడకు తెచ్చి, తల ఎత్తి పట్టుకుని, చుక్కలు చుక్కలుగా మంచినీళ్లు పట్టాలి. మెడ ఇంకా కాస్త నిలబడుతున్నవి రెండు మూడు రోజుల్లో కోలుకునే అవకాశం ఉంది. దొడ్లో ఏది చచ్చినా, ఎలుకైనా సరే, వెంటనే తీసి లోతుగా పాతిపెట్టండి.

రాత్రి మూసే షెడ్డు గట్టిగా ఉండాలి. బాతుకు నాలుగు చదరపు అడుగుల చొప్పున లెక్కేసుకోండి. నేల బయటి మట్టం కంటే అడుగు ఎత్తులో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఎలా మునిగిందో చూశాం కదా. బాతులు ఈదుతాయి కానీ మురుగు నీళ్లలో రోజుల తరబడి నిలబడలేవు. కింద ఊక వేసి, తడిసినప్పుడల్లా మార్చాలి. కుక్కలకంటే ముంగిస, అడవిపిల్లి ప్రమాదం, కాబట్టి కోళ్ల జాలీ సరిపోదు, వేలు దూరనంత సన్నటి వెల్డ్ మెష్ (అతికిన ఇనుప తీగల వల) పెట్టించి, అంచు జానెడు లోతు నేలలోకి దించండి. గుడ్లు దాదాపు అన్నీ ఉదయం తొమ్మిది లోపే పెట్టేస్తాయి, కాబట్టి అప్పటిదాకా తలుపు తీయకండి, లేదంటే అరటి చెత్తలో వెతుక్కోవాలి.

కొక్కెర తెగులు లాంటి కోళ్ల జబ్బులు వీటికి అంతగా అంటవు. డక్ ప్లేగుకు రెండు నుంచి మూడు నెలల వయసులో, బాతుల కలరాకు మూడు నాలుగు వారాల వయసులో టీకాలున్నాయి. పది బాతుల కోసం వ్యాక్సిన్ సీసా విప్పాలంటే కష్టమే, అందుకే పక్క ఊరి పెంపకందార్లతో కలిపి వేయించుకోవాలి. అనుమానంగా ఏదైనా చస్తే గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి, పోస్టుమార్టం చేస్తే అసలు కారణం తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, మన ఎన్టీఆర్ జిల్లాలోనూ బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుంది కదా. ఆ వైరస్ ఉన్నా బాతు పైకి ఏమీ చూపించకపోవచ్చు. కాబట్టి కోళ్లకూ బాతులకూ షెడ్డు, నీళ్లు విడివిడిగా ఉండాలి. ఒకేసారి చాలా చస్తే చేతులతో ముట్టుకోకుండా ముందు పశువుల డాక్టరుకు చెప్పండి.

పదితో కాకుండా ఆరు ఆడబాతులతో మొదలుపెట్టమంటాను. మీ ఇంటికి, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగుకు ఆ గుడ్లు సరిపోతాయి, నీళ్లు మార్చే పని కూడా మీకు అలవాటవుతుంది. మీ బోరు నీళ్లు మంచివా, ఉప్పగా ఉంటాయా, వానొస్తే మీ స్థలంలో నీళ్లు ఎటు వాలుతాయి, పక్క చేలో ఏ పైరుంది, ఈ మూడూ రాస్తే షెడ్డు ఏ మూలన వేసుకోవాలో చెప్తాను.