హైస్కూలు పిల్లలకు ‘ప్రభుత్వం ఎందుకు’ అని చెప్పాలంటే: పేర్లు తర్వాత, మోటారు తాళంచెవి ముందు

మీరడిగింది ఇది: హైదరాబాద్‌లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ప్రభుత్వం వెనకున్న తాత్విక పునాదులు ఆరు పీరియడ్లలో చెప్పాలి. హాబ్స్, లాక్, రూసో అని యూరప్ తత్వవేత్తల పేర్లు బట్టీ పడుతున్నారు, పరీక్ష కాగానే మర్చిపోతున్నారు. ఎలా చెప్పాలి?

పేర్లతో మొదలుపెడితే అంతే జరుగుతుంది. వాళ్లందరూ ఒకే ప్రశ్నకు తలా ఒక జవాబు చెప్పారు. నాకు ఇష్టం లేని పని నాతో చేయించే హక్కు ఇంకొకరికి ఎక్కణ్నుంచి వచ్చింది? ఈ ప్రశ్న పిల్లల బుర్రలో దురదపెట్టేదాకా ఒక్క పేరూ బోర్డెక్కకూడదు.

మన ఊళ్లో ఆ దురద పుట్టించడానికి ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ చాలు. మొదటి పీరియడ్‌లో బోర్డు మీద ఇంతే రాయండి: 20 ఫ్లాట్లు, బోరు ఎండిపోయింది, వచ్చింది ఒక్కటే ట్యాంకర్, 5,000 లీటర్లు. సంపు మోటారుకు తాళం లేదు, వాచ్‌మన్ లేడు, అసోసియేషన్ లేదు. క్లాసులో 40 మంది ఉంటే ఫ్లాటుకు ఇద్దరు. తమకెన్ని లీటర్లు కావాలో పక్కవాళ్లకు చూపించకుండా చీటీ మీద రాయాలి. చీటీలు చేతికొచ్చేదాకా 250 అనే అంకె మీ నోట రాకూడదు. వచ్చిందా, అందరూ బుద్ధిమంతుల్లా 250 రాసేస్తారు, ఆట అక్కడితో సరి. అన్నీ కూడితే 5,000 దాటలేదనుకోండి, నాలుగు ఫ్లాట్లకు చుట్టాలను దింపి మళ్లీ రాయించండి.

ముందు మోటారు వేసుకున్నవాడిదే నీళ్లు అన్న పరిస్థితి వచ్చాక హాబ్స్ పేరు చెప్పండి. ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం, 1649లో రాజుకే మరణశిక్ష, ఆ గందరగోళంలోంచి 1651లో ఆయన పుస్తకం ‘లెవయతాన్’ వచ్చింది. ఆయన జవాబు: మోటారు గదికి తాళం వేసి, చెవి ఒకడి చేతిలో పెట్టి, మళ్లీ అడక్కండి. పిల్లలు ఎప్పుడూ జారిపోయే చోటు ఇక్కడుంది. హాబ్స్ చెప్పిన ఒప్పందం ఫ్లాట్లవాళ్లు తమలో తాము చేసుకున్నది. చెవి పట్టుకున్నవాడు అందులో సంతకం పెట్టలేదు. అందుకే వాడు మాట తప్పాడని ఎవరూ అనలేరు. అలాగని ప్రాణం మీదికొచ్చినా తలవంచమని హాబ్స్ అనలేదు, ఆత్మరక్షణ హక్కును మనిషి ఎవరికీ రాసివ్వలేడన్నాడు. ఈ రెండు ముక్కలూ లేకుండా ‘హాబ్స్ నియంతృత్వాన్ని సమర్థించాడు’ అని రాస్తే సగం మార్కులే ఇవ్వండి.

1689లో వచ్చిన లాక్ పుస్తకంలో చెవి అప్పగింత సొమ్ము లాంటిది. లెక్కల పుస్తకం చూపించకపోతే వెనక్కి లాక్కోవచ్చు. ఈ తేడా ఎందుకొచ్చిందో తప్పకుండా చెప్పాలి. లాక్ దృష్టిలో ప్రభుత్వం లేనప్పుడు కూడా మనిషికి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మీద హక్కులున్నాయి. లేనివి మూడే: అందరికీ తెలిసిన చట్టం, ఏ పక్షానికీ చెందని న్యాయమూర్తి, తీర్పును అమలు చేసే బలం. ఆ మూడింటి కోసం కట్టుకున్న ప్రభుత్వం ఉన్న హక్కుల్నే కాజేస్తే ఇక అది ఎందుకు?

రూసో 1762 పుస్తకంలో చెవి ఉండాల్సింది సమష్టి ఇచ్ఛ చేతిలో, అంటే అందరి మేలు కోరే ఇచ్ఛ చేతిలో. ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటే, సమష్టి ఇచ్ఛ అంటే మెజారిటీ ఓటు అనుకోవడం. 20లో 12 ఫ్లాట్లు చేతులెత్తి ‘నాలుగో అంతస్తుకు నీళ్లు బంద్’ అని తీర్మానించాయనుకోండి. లెక్క ప్రకారం మెజారిటీయే, కానీ అందరి మేలు కోరే ఇచ్ఛ అది కాదు. ఆ 12 ఫ్లాట్లు తమ లాభం చూసుకున్నాయి, అంతే. ఇక్కడే రాజ్యాంగంలోని 13, 32 అధికరణాలు తెరవండి. మెజారిటీ చేసిన చట్టమైనా ప్రాథమిక హక్కులను మీరితే చెల్లదని ఎందుకు రాసుకున్నామో వేరే పాఠం అక్కర్లేకుండా అర్థమవుతుంది.

చట్టం చేసే, అమలు చేసే, తీర్పు చెప్పే అధికారాలు ఒకరి చేతిలోనే ఉండకూడదన్న మాంటెస్క్యూ (1748) సులువు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో శాసనసభ, హుస్సేన్‌సాగర్ పక్కన సచివాలయం, మూసీ ఒడ్డున హైకోర్టు, మ్యాప్ మీద మూడు చుక్కలు పెట్టించండి. తర్వాత ఒక్క ప్రశ్న: ముఖ్యమంత్రి ఈ మూడింట్లో ఎన్నిచోట్ల కూర్చుంటారు? రెండుచోట్ల. సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యుడు కావాలని 164వ అధికరణం చెబుతుంది. అంటే మన దగ్గర మొదటి రెండు శాఖల మధ్య గోడ పూర్తిగా లేదు. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి విడదీయమనేది 50వ అధికరణం.

అసలు చిక్కు సమ్మతి దగ్గరుంది, దీనికి ఒక పీరియడ్ మొత్తం ఇవ్వండి. 20 ఫ్లాట్లలో 7 అద్దెవి. నెలనెలా మెయింటెనెన్స్ వాళ్లే కడతారు, మీటింగులో ఓటు మాత్రం ఓనర్‌కే. మరి ఆ నియమాలు అద్దెవాళ్లను ఎందుకు కట్టేయాలి? లాక్‌ను అడిగితే, ఆ దేశపు రోడ్డు మీద నడిచినా మౌనంగా ఒప్పుకున్నట్టే అంటాడు. 1748లో హ్యూమ్ అనే ఇంకో తత్వవేత్త దీన్ని ఎగతాళి చేశాడు: నిద్రలో ఉన్నవాణ్ని ఓడ ఎక్కించి, నడిసముద్రంలో ‘నచ్చకపోతే దిగిపో’ అన్నట్టుందని. క్లాసును రెండుగా చీల్చండి, అద్దె ఇళ్ల పిల్లలను ఓనర్ల పక్షాన, సొంతిళ్ల పిల్లలను అద్దెవాళ్ల పక్షాన కూర్చోబెట్టండి. ఎవరి ఇల్లు ఏదో క్లాసులో బయటపడటం ఇబ్బందనిపిస్తే చీటీలు వేయండి.

తెలుగులో చెప్పేవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. రాష్ట్రం అంటే తెలంగాణ, రాజ్యం అంటే రాజుగారిది అని పిల్లల లెక్క. 12వ అధికరణంలో ‘రాజ్యం’ కనబడగానే తికమకపడతారు. రాజ్యం ఉంటూనే ఉంటుంది, ప్రభుత్వం ఐదేళ్లకోసారి మారొచ్చు అని మొదటి రోజే చెప్పేయండి. రాజ్యాంగం అన్న మాటనూ రాజ్యం, అంగం అని విప్పి చూపించండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజ్యానికి ఏడు అంగాలు: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం (సైన్యం), మిత్రుడు.

ఆ అర్థశాస్త్రంలోనే ఒడంబడిక కథ కూడా ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయంతో విసిగిన జనం మనువును రాజును చేసుకుని, ధాన్యంలో ఆరోవంతు, సరుకులో పదోవంతు ఇస్తామన్నారట. తమాషా ఏమిటంటే, ఈ కథను కౌటిల్యుడు గూఢచారుల నోట పెట్టాడు. జనం గుమిగూడిన చోట రాజును తిట్టేవాళ్ల నోరు మూయించడానికి ఆ గూఢచారులు చెప్పాల్సిన మాట అది. ఇది సిద్ధాంతమా, ప్రచారమా అని పదో తరగతి వాళ్లను అడిగి చూడండి, గంట కొట్టినా లేవరు.

చివరి పీరియడ్‌కు రెండు తేదీలు పక్కపక్కన రాయండి. 1949 నవంబరు 23న నిజాం ఫర్మానా ఇచ్చాడు, భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ వర్తిస్తుందని. మూడు రోజులకు, నవంబరు 26న, రాజ్యాంగ సభ ఆమోదించిన ప్రవేశిక ‘భారత ప్రజలమైన మేము’ అని మొదలై ‘మాకు మేము ఇచ్చుకుంటున్నాము’ అని ముగుస్తుంది. ఫర్మానాలో ఇచ్చేవాడెవరు, పుచ్చుకునేవాడెవరు? ప్రవేశికలో ఎవరు? పిల్లలు రెండు గళ్ల పట్టిక గీసి నింపాలి. సొంతంగా నింపనివ్వండి, పది నిమిషాలు పడుతుంది.

పీరియడ్లు చాలకపోతే మాంటెస్క్యూ మ్యాపును హోంవర్కుకు ఇచ్చేయండి. అద్దె ఫ్లాట్ల చర్చను మాత్రం కోయొద్దు.