మెలితిరిగిన రేడియో తరంగాలతో స్పెక్ట్రమ్ కొరత తీరుతుందా?

మెలితిరిగిన రేడియో తరంగాలతో ఒకే ఫ్రీక్వెన్సీలో ఎన్ని ఛానెళ్లయినా పంపొచ్చట, ఇక స్పెక్ట్రమ్ కొరతే ఉండదట, నిజమేనా అని అడిగారు. ఎంటెక్‌లో నా ప్రాజెక్టు ఇదే. మొబైల్ టవర్లకు ఇది పనికొస్తుందని నేను అనుకోను. ఎదురెదురుగా కదలకుండా బిగించిన దగ్గరి లింకులకు మాత్రం చాలా బాగా పనికొస్తుంది.

మామూలు తరంగం పలకలా చదునుగా ముందుకెళ్తుంది. కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం ఉన్న తరంగం మరమేకు గాడిలా మెలి తిరుగుతూ పోతుంది. చుట్టూ ఒక రౌండ్ వచ్చేసరికి ఫేజ్ (తరంగం తన ఊపులో ఎక్కడుందో చెప్పే కోణం) 360 డిగ్రీలు మారితే ఒకటో మోడ్, అంటే ఒకటో రకం మెలిక, 720 మారితే రెండోది. ఒక్కో మోడ్‌లో ఒక్కో ఛానెల్ పంపి, అవతల వాటిని వేరుచేయొచ్చు, ఆశంతా అక్కడే.

మేం 2.45 గిగాహెర్ట్జ్‌కి 25 సెంటీమీటర్ల వ్యాసమున్న వలయం మీద 8 ప్యాచ్ (చదునైన చిన్న) యాంటెన్నాలు బిగించాం. పక్కపక్క వాటికి 45 డిగ్రీల ఫేజ్ తేడా కావాలి. ఫేజ్ మార్చే పరికరాలకు డబ్బుల్లేక, కేబుల్ పొడవు పెరిగితే ఫేజ్ వెనకబడుతుంది కదా అని ఒక్కో కేబుల్‌ను ముందుదానికంటే సుమారు సెంటీమీటరు పొడవుగా కోశాం. ఆన్ చేస్తే సిగ్నల్ దాదాపు సున్నా. రెండు రోజులు కనెక్టర్లు విప్పడం, బిగించడం, ఒకటే టెన్షన్. చివరికి రిసీవర్ యాంటెన్నాను చేత్తో పక్కకు జరుపుతుంటే సిగ్నల్ బలం చూపించే ఎనలైజర్‌లో గీత ఒక్కసారిగా లేచింది. అప్పుడు అర్థమైంది, ఈ తరంగానికి గారెలా నట్టనడుమ చిల్లు ఉంటుంది. మేం రిసీవర్‌ను సరిగ్గా ఆ చిల్లులోనే పెట్టాం!

దూరం పెరిగేకొద్దీ ఆ గారె పెద్దదవుతుంది. మా యాంటెన్నాకు 3 మీటర్ల దగ్గరే దాని వెడల్పు దాదాపు 2 మీటర్లు. లెక్క ప్రకారం 100 మీటర్లకు 60 మీటర్లు. అంత సిగ్నల్‌ను ఎవరు పట్టుకుంటారు? ఫ్రీక్వెన్సీ పెంచాలి, లేదా యాంటెన్నా పెద్దది చేయాలి.

2011లో వెనిస్‌లో శాస్త్రవేత్తలు టంబూరిని, బో టిడేల బృందం ఇలాంటి తరంగాలతో 442 మీటర్ల దూరానికి ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ఛానెళ్లు పంపింది. ఆ తర్వాత ఎడ్ఫోర్స్, యోహాన్సన్ అనే పరిశోధకులు ఇది మైమోలో (రెండువైపులా చాలా యాంటెన్నాలు పెట్టి ఒకేసారి చాలా ఛానెళ్లు పంపే పద్ధతిలో) ఒక రకమేనని లెక్కలతో చూపించారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. 8 యాంటెన్నాలతో 8 మోడ్‌లకు మించి రావు, అంటే కొత్త స్పెక్ట్రమ్ ఏమీ పుట్టదు.

అలాగని వృథా కాదు. 2018లో జపాన్ టెలికాం సంస్థ ఎన్‌టీటీ ఈ తరంగాలతోనే 28 గిగాహెర్ట్జ్‌లో 10 మీటర్లకు సెకనుకు 100 గిగాబిట్లు పంపింది. డేటా సెంటర్ లోపల, రెండు మేడల మధ్య ఇలాంటి లింకు వేయొచ్చు. చేతిలో కదిలే ఫోన్‌కి మాత్రం కష్టం. మా బల్ల మీదే యాంటెన్నాల ప్లేటు కాస్త పక్కకు వంగితే చాలు, ఒక మోడ్ సిగ్నల్ ఇంకోదానిలో కలిసిపోయేది.