అగ్రిమెంటు రాసుకుని ఇంట్లో దిగలేదా? ముందు తాళం చెవి సంగతి చూడండి

అద్దెకి వస్తామన్నవాళ్ళు అడ్వాన్సు ఇచ్చి, సంతకం పెట్టి రెండు నెలలైనా దిగలేదు, ఫోన్ ఎత్తడం లేదు, ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేయొచ్చా అని అడిగారు. తాళం చెవి ఎవరి దగ్గరుందో మాత్రం రాయలేదండీ. అసలు విషయం అక్కడే ఉంది.

పాలకొల్లులో మా మేడమీద వాటా ఇలాగే ఇరుక్కుంది. అద్దె నెలకి 7,000, రెండు నెలల అడ్వాన్సు. ఆషాఢం వచ్చేస్తోందని ఆ భార్యాభర్తలు జ్యేష్ఠం ఆఖర్లోనే పాలు పొంగించుకున్నారు. దేవుడి పటం, పాలగిన్నె లోపల పెట్టి, తాళం వేసుకుని, "సామాన్లు ఆదివారం తెస్తాం ఆంటీ" అని వెళ్ళారు. మొదటి నెల అద్దె ఫోన్‌పేలో వేశారు, అంతే. పాలు పొంగించాక ఆషాఢం పట్టింపు ఉండదు, నిజమే. అయినా మొహమాటానికి శ్రావణం దాకా ఆగాను.

ఈలోగా వానలు. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో మన వైపు ఇల్లు నెల మూసి ఉంచితే ఏమవుతుందో మీకు తెలియనిదా? గోడలకి చెమ్మ, ఉబ్బిన తలుపులు, బూజు వాసన. మా గదిలోకి స్లాబు చెమ్మ దిగుతున్నా పైకెళ్ళి చూడ్డానికి లేదు. "పగలగొట్టేద్దాం వదినా" అన్నాడు మా మరిది. తెలిసిన లాయరుగారు ఆపారు. వాళ్ళకి చెవి ఇచ్చేశాక, అందులో పడుకున్నా పడుకోకపోయినా ఇల్లు వాళ్ళ స్వాధీనంలో ఉన్నట్టే. మనం తాళం పగలగొడితే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు వాళ్ళే మనమీద దావా వేయొచ్చు. "ఆ దేవుడి పటం చాలమ్మా సాక్ష్యానికి" అన్నారాయన.

అందుకని అద్దె బాకీ ఎంతో, దిగేదీ లేనిదీ ఎప్పటిలోగా చెప్పాలో రాసి స్పీడ్ పోస్టులో పంపి, అదే వాట్సాప్‌లో కూడా పెట్టాను. ఖాళీ చేయమనే నోటీసు గడువు మీ అగ్రిమెంటులో ఉంటే అదే లెక్క. లేకపోతే నెలవారీ ఇంటద్దెకి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ 15 రోజులంటుంది. మూడోరోజే ఆ వాటా తీసుకున్నాయన ఫోన్ చేశాడు. బదిలీ అయ్యిందట, చెప్పడానికి సిగ్గేసిందట! వచ్చి, వాటా ఖాళీగా అప్పగించానని కాగితం రాసి, చెవి ఇచ్చి, పటం పట్టుకెళ్ళాడు. ఆ కాగితం లేకుండా ఇంకొకరికి ఇవ్వకండి.

అడ్వాన్సు మొత్తం ఉంచేసుకోమన్నారు కొందరు. పది రోజుల్లోనే వేరేవాళ్ళు దిగారు కదా, ఒకే రోజులకి ఇద్దరి దగ్గర అద్దె ఎలా తీసుకుంటాం? ఖాళీగా ఉన్న రోజులకీ, కరెంటు బిల్లుకీ పట్టుకుని మిగతాది వెనక్కి వేశాను.

చెవి ఇంకా మీ దగ్గరే ఉంటే మీ పని చాలా తేలిక. అయినా గడువు పెట్టి రాతలో చెప్పాకే అగ్రిమెంటు రద్దు చేసుకోండి. నేనైతే ఇప్పుడు సామాన్లు దిగేరోజే చెవి ఇస్తున్నాను. ముందే పాలు పొంగించుకుంటామంటే నేనే తలుపు తీసి, వాళ్ళు వెళ్ళాక నేనే తాళం వేసుకుంటున్నాను.