పాలన్నం ఒక్కటే పిల్లికి చాలదు

ప్రశ్న: మా పిల్లికి ఏడాది నిండింది. రెండు పూటలా పాలన్నమే పెడుతున్నాం. ఈమధ్య విరేచనాలు అవుతున్నాయి, నీళ్లగిన్నె వైపైతే చూడనే చూడదు. ఎండలు ముదురుతుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు పాలు ఆపేయండమ్మా. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు, విరేచనాలు అందుకే కావచ్చు. ఆపినా ఒకట్రెండు రోజుల్లో తగ్గకపోతే పశువుల డాక్టరుకు చూపించండి. అసలు పిల్లి మాంసాహారి. దానికి తప్పనిసరైన టౌరిన్ అనే పోషకం అన్నంలో ఉండదు, అది చాలాకాలం అందకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. అందుకని పిల్లుల కోసమే తయారుచేసిన ఫుడ్ అలవాటు చేసి, దాంతోపాటు ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన చికెన్ కొంచెం, బొక్కలు తీసేసి పెట్టండి. కూర కలిపిన అన్నం మాత్రం అస్సలు వద్దు, ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను పాడుచేస్తాయి.

నీళ్లకు వెడల్పాటి గిన్నె పెట్టండి, తిండికి దూరంగా. మన ఓరుగల్లు ఎండలకు పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే వేడెక్కుతాయి కాబట్టి మారుస్తూ ఉండండి. చికెన్ ఉడికించిన నీళ్లు చల్లారాక తిండి మీద కాసిని పోస్తే ఇష్టంగా నాకేస్తుంది.

మగపిల్లి అయితే ఇంకో మాట. మాటిమాటికీ ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రావడం లేదంటే మూత్రం అడ్డుపడి ఉండొచ్చు, అది ప్రాణం మీదికొచ్చే సంగతి, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.