పైలట్ పిన్నమ్మ పెట్టెలో ఏది ఎవరిది?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, మా ఆయన ఇక్కడివాడే. వాళ్ల అమ్మమ్మ చెల్లెలు యుద్ధంలో ఏటీఏ (సైన్యానికి విమానాలు చేరవేసే సివిలియన్ సంస్థ) పైలట్, 1943లో విమానం డెలివరీకి తీసుకెళ్తూ సముద్రంలో పడిపోయింది, శవం దొరకలేదు. ఆవిడ లాగ్‌బుక్, రెక్కల బ్యాడ్జీ, అమ్మమ్మకి రాసిన ఉత్తరాలు, వలలో పడిందని 1990ల్లో ఒక జాలరి ఇచ్చిన విమానం రేకు ముక్క మా దగ్గరున్నాయి. ఇప్పుడు ఆవిడ అన్న మనవడు సగం ఇమ్మంటున్నాడు. ఇవ్వాలా? ఉత్తరాలు పుస్తకంగా వేయొచ్చా?

జవాబు: అమ్మా, సగం సగం అనే లెక్కే తప్పు, దేనికది విడిగా చూడాలి. ఉత్తరాలు అమ్మమ్మగారికి వచ్చినవి కాబట్టి ఆ కాగితాలు మీవే, గొడవ లేదు. కానీ రాసిన మాటల మీద కాపీరైట్ మాత్రం రాసినావిడ వారసులది, అచ్చుకాని పాత ఉత్తరాలకి ఇక్కడి చట్టంలో అది 2039 చివరిదాకా ఉంటుంది, అంటే కాగితం ముక్క కూడా దక్కని ఆ అబ్బాయికి మీ పుస్తకం ఆపే హక్కు ఉండొచ్చన్నమాట! ఆవిడ విల్లు ఏమైనా రాసిందేమో ప్రొబేట్ (కోర్టు ఆమోదించిన విల్లుల) రికార్డుల్లో ముందు వెతికించండి.

లాగ్‌బుక్, బ్యాడ్జీ అమ్మమ్మ చేతికి ఎలా వచ్చాయి? ఇచ్చేశారా, దాచమన్నారా? అసలు తేడా అంతా అక్కడే. సొంతానికి తీసుకుని ఇన్నేళ్లయితే 1980 లిమిటేషన్ చట్టం (దావా వేయడానికి గడువు పెట్టే చట్టం) ప్రకారం 6 ఏళ్లకే అవతలివాళ్ల హక్కు పోయినట్టు, అదే దాచిపెట్టమని ఇచ్చినవైతే ఆ 6 ఏళ్లు మామూలుగా అడిగినప్పుడు మీరు ఇవ్వనన్న రోజు నుంచి మొదలవుతాయి, అందుకే కోపంలో "ఇవ్వం పో" అని మెయిల్ మాత్రం కొట్టొద్దు.

నాకు భయం ఆ రేకు ముక్క గురించే. ఏటీఏ వాళ్లు సివిలియన్లు కదా, మిలిటరీ రూల్ మాకెందుకు అనుకుంటారు చాలామంది (1941 జనవరిలో థేమ్స్ ముఖద్వారం దగ్గర పోయిన ప్రసిద్ధ పైలట్ ఎమీ జాన్సన్‌దీ ఇదే ఉద్యోగం). చట్టం చూసేది పైలట్ జీతం ఎవరిచ్చారని కాదు, విమానం సైన్యం పని మీద ఉందా అని. 1986 మిలిటరీ రిమెయిన్స్ చట్టం (కూలిన సైనిక విమానాల శిథిలాలను కాపాడే చట్టం) వచ్చాక అలాంటి శిథిలాన్ని లైసెన్స్ లేకుండా తెలిసి కదిపితే నేరం. వలలో అనుకోకుండా పడింది వేరే సంగతి, ఇంట్లో ఉన్నందుకు మిమ్మల్ని జైల్లో పెట్టరు గానీ ఆ ముక్క సర్కారుది, వేలానికి పెట్టకండి. పార్ట్ నంబర్ ఉంటే ఫొటో తీసి డిఫెన్స్ మినిస్ట్రీలో ఈ లైసెన్సుల పని చూసే జేసీసీసీ అనే విభాగానికి రాయండి, జాలరి ఎక్కడ దొరికిందన్నాడో కూడా రాయండి, ఆవిడ ఎక్కడ పడిందో తెలియడానికి అదొక్కటే ఆధారం కావచ్చు.