ఏడాదిగా వింటున్నాను, అడిగితే చెప్పలేకపోయాను

ప్రశ్న: మేడమ్, నేను విశాఖపట్నంలో బీకామ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ ఎంఈసీ. కూర్మన్నపాలెం నుంచి మద్దిలపాలెం దాకా రోజూ బస్సే. ఆ టైమంతా ఏడాదిగా ఇంగ్లిష్ ఎకనామిక్స్ పాడ్‌కాస్టులు వింటున్నాను. మొన్న ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ‘రెపో రేటు పెరిగితే మీ ఇంట్లో ఏం మారుతుంది?’ అని అడిగారు. నోరు పెగల్లేదు. విన్నదంతా వృథాయేనా? అసలు ఏవి వినాలి? రెజ్యూమెలో రాసుకోవచ్చా?

జవాబు: వృథా కాదమ్మా. ఎవరూ చెప్పకుండా ఏడాదిపాటు విన్నావంటే ఈ సబ్జెక్టు మీద నీకు నిజంగా ఇష్టం ఉంది. కానీ వాళ్లు అడిగింది ఇంకోసారి చూడు. రెపో రేటు అంటే ఏమిటని అడగలేదు, మీ ఇంట్లో ఏం మారుతుందని అడిగారు. నువ్వు విన్నది ఇంగ్లిష్‌లో చెవిన పడి అక్కడే ఆగిపోయింది. ఒక్కసారి కూడా తెలుగులో నోటి వెంట రాలేదు, ఇంటి లెక్కల దాకా రాలేదు.

ఆ లెక్క ఇప్పుడే చేద్దాం. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్వల్పకాలానికి అప్పిచ్చే వడ్డీయే రెపో రేటు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఫ్లోటింగ్ వడ్డీకి, అంటే మారుతూ ఉండే వడ్డీకి ఇచ్చే కొత్త ఇంటి అప్పుల్ని రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలన్నది నిబంధన. మీ నాన్నగారు 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు 25 లక్షలు తీసుకున్నారనుకో. నెల వాయిదా దాదాపు 21,700. రెపో అర శాతం పెరిగి మీ వడ్డీ 9 శాతమైతే అది 22,500 దగ్గరికి వెళ్తుంది. ఎనిమిది వందలే కదా అనిపిస్తుంది. కానీ చాలాసార్లు వాయిదా మొత్తం పెరగదు, వాయిదాల సంఖ్య పెరుగుతుంది. అప్పు మొదట్లోనే ఈ అర శాతం పెరిగి, వాయిదా మాత్రం 21,700 దగ్గరే ఉంచితే 240 నెలల్లో తీరాల్సిన అప్పు సుమారు 267 నెలలు సాగుతుంది. అంటే రెండేళ్లకు పైగా అదనం. ఇంట్లో ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది, ఎందుకంటే నెలనెలా ఖాతాలోంచి పోయే డబ్బు మారలేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 శాతం నుంచి 6.5 శాతానికి వెళ్లింది. అప్పుడు మన గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఎన్ని ఇళ్లలో ఇలా జరిగి ఉంటుందో ఆలోచించు.

ఇది నీ పాడ్‌కాస్టుల్లో దొరక్కపోవడానికి కారణం ఉంది. అవి ఎక్కువగా అమెరికావే అయ్యుంటాయి. అమెరికాలో ఎక్కువ ఇంటి అప్పులు 30 ఏళ్లపాటు ఒకే వడ్డీకి ఉంటాయి. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్ రేటు పెంచినా పాత అప్పు కదలదు. వాళ్ల కథ వాళ్ల ఇంటికి సరిపోతుంది. దాన్ని మనింటికి మార్చుకునే పని నీదే.

ఇక ఏవి వినాలంటావా? తగ్గించు, అదే నా మొదటి సలహా. ప్లానెట్ మనీ 2008 ఆర్థిక సంక్షోభం రోజుల్లో పుట్టింది, కథలా చెప్పడంలో దానికి సాటి తక్కువ. దాని చెల్లెలు లాంటి ది ఇండికేటర్ పది నిమిషాల్లో అయిపోతుంది, బస్సుకు అదే సరి. మన దేశం సంగతులకు అమిత్ వర్మ నడిపే ది సీన్ అండ్ ది అన్‌సీన్ ఉంది. గంటల తరబడి సాగుతుంది కాబట్టి ఆదివారానికి పెట్టుకో. వీటన్నిటికంటే ముఖ్యం రెండు నెలలకోసారి రిజర్వు బ్యాంకు గవర్నర్ చదివే ద్రవ్య విధాన ప్రకటన, ఆ తర్వాత విలేకరుల సమావేశం. యూట్యూబ్‌లో ఉచితం. మొదటిసారి సగం అర్థం కాదు, ఫర్వాలేదు. మూడోసారికి వాళ్లు తిరిగి తిరిగి అనే మాటలేవో పట్టుబడతాయి. 2003 నుంచి 2013 దాకా ఆ కుర్చీలో వరసగా ఇద్దరు తెలుగువాళ్లే కూర్చున్నారు, వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు. వాళ్ల ప్రసంగాలు కూడా విను.

ఏ షేరు కొనాలో చెప్పేవి మాత్రం ఈ చదువులో లేవు, వాటి జోలికి పోవద్దు. షేర్ల ధర ఎటు వెళ్తుందో ముందే పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్లలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. హాస్టల్ ఫీజు డబ్బు అందులో పెట్టిన పిల్లలు నా ఎదుట కూర్చుని ఏడ్చారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వెళ్లేటప్పుడు ఒకే ఒక్క ఎపిసోడ్ విను. తర్వాత ఇయర్‌ఫోన్ తీసెయ్. ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపు అది తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పగలవా, మనసులోనే చెప్పుకుని చూడు. సాయంత్రం అమ్మకు చెప్పు. ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, తగ్గిందని చెబితే, ‘మరి ఉల్లిపాయలు చౌక అవ్వలేదేం?’ అని అమ్మ అడుగుతుంది. వంద రూపాయల సరుకు ఒక ఏడాది 106 అయి, మరుసటి ఏడాది 108 అయితే ద్రవ్యోల్బణం ఆరు శాతం నుంచి దాదాపు రెండుకు దిగినట్టే, ధర మాత్రం దిగలేదు. ఇది అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున ఏ ఇంటర్వ్యూ బోర్డుకైనా చెప్పగలవు. మన ఊరే పెద్ద పాఠం కూడా. మన రొయ్యలకు పెద్ద మార్కెట్టు అమెరికా. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ భారం రైతు మోశాడా, ఎగుమతిదారు మోశాడా, అక్కడ కొనేవాడు మోశాడా? హార్బర్ వైపు వెళ్లి నలుగురిని అడిగి రెండు పేజీలు రాయి.

రెజ్యూమెలో ‘పాడ్‌కాస్టులు వింటాను’ అని రాయకు. ఆ రెండు పేజీల గురించి రాయి. కెరీర్ విషయానికొస్తే, రిజర్వు బ్యాంకు గ్రేడ్ బి జనరల్ అధికారి పోస్టులకు ఏ డిగ్రీ అయినా చాలు, సాధారణ కేటగిరీలో 60 శాతం మార్కులు కావాలి. రెండో దశలో ఆర్థిక, సామాజిక అంశాల పేపరులో సొంతంగా రాయాల్సిన ప్రశ్నలుంటాయి, నీ వినికిడి అక్కడ అక్కరకొస్తుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ వైపు మనసుంటే ఎకనామిక్స్‌లో పీజీ తప్పదు. మంచి సంస్థల్లో దాని ప్రవేశానికి లెక్కలు కావాలి, అవి చెవితో రావు. ఇంటర్ లెక్కల పుస్తకం అటక మీదుంటే ఈ వారమే దింపు.

దింపేటప్పుడే నాన్నగారిని ఇంటి అప్పు స్టేట్‌మెంట్ కూడా అడుగు. అప్పు తీసుకున్న రోజు ఎన్ని వాయిదాలన్నారో, ఇప్పుడు ఎన్ని మిగిలాయంటున్నారో పక్కపక్కన రాసి చూడు.