అయానిక్ లిక్విడ్ ‘గ్రీన్ సాల్వెంట్’ కదా, గ్లవ్స్ లేకుండా వాడొచ్చా?

మీరు అడిగింది ఇదీ: పీహెచ్‌డీలో కొత్తగా చేరారు. నీటిలోంచి లోహాలను వేరుచేసే ఎక్స్‌ట్రాక్షన్ పని కోసం గైడు బీమిమ్ పీఎఫ్6 (బ్యుటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే అయానిక్ లిక్విడ్) సీసా ఇచ్చారు. సీనియర్లేమో “ఇది ఆవిరి కాదు, వాసన రాదు, గ్రీన్ సాల్వెంట్” అంటూ గ్లవ్స్ కూడా లేకుండా మామూలు బల్ల మీదే పని కానిచ్చేస్తున్నారు. మీరూ అలాగే చేయొచ్చా, మిగిలింది సింకులో పోయొచ్చా అని.

రెండూ వద్దు. హైదరాబాద్‌లో నా పీహెచ్‌డీ అంతా ఇమిడజోలియం అయానిక్ లిక్విడ్లతోనే గడిచింది కాబట్టి ఎందుకు వద్దో కాస్త వివరంగానే చెప్తాను.

మీ సీనియర్లు చెప్పేదాంట్లో సగం నిజమే. ఇది ద్రవంగా ఉండే లవణం. వంద డిగ్రీల సెల్సియస్ లోపు కరిగే లవణాలన్నిటినీ అయానిక్ లిక్విడ్లనే అంటారు. అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి దాదాపు ఉండదు. ఈథర్‌తోనో టోలీన్‌తోనో పనిచేసేటప్పుడు ఉండే టెన్షన్, అంటే ఆవిరి పీలుస్తామేమో, ఎక్కడో నిప్పురవ్వ తగిలి అంటుకుంటుందేమో అన్నది, ఇక్కడ చాలా తక్కువ. ‘గ్రీన్’ అన్న పేరు ముఖ్యంగా ఈ గుణం చూసి వచ్చిందే.

కానీ ఆవిరి కానిది పడినచోటే ఉండిపోతుంది. బల్ల మీద అసిటోన్ చుక్క పడితే నిమిషంలో ఎగిరిపోతుంది. ఇది పడితే వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది. రంగు ఉండదు, ఆముదం కంటే కాస్త పలచగా జిగటగా ఉంటుంది, కంటికి ఆనదు. గ్లవ్స్ నుంచి బ్యాలెన్స్ తలుపుకి, అక్కడి నుంచి పెన్నుకి, ఫోనుకి పాకుతుంది. మా ల్యాబులో బ్యాలెన్స్ పాన్ చుట్టూ ఎప్పుడూ ఒక జిడ్డు ఉండేది. ఏ సాల్ట్‌దో, ఎవరు ఒలకబోశారో ఎవరికీ తెలీదు. ఆ బ్యాలెన్స్‌నే అందరం ఉత్త చేతులతో తెరిచేవాళ్లం. ముక్కుతో పీల్చే ముప్పు తగ్గిందని సంతోషించేవాళ్లు అదే ముప్పు చర్మం మీదికి మారిందని గమనించరు.

ఇక మీ సీసాలో ఉన్నదాని అసలు సమస్య పీఎఫ్6 అనే సగంలో ఉంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నీటితో చర్య జరిపి మెల్లగా విడిపోతుంది. అప్పుడు వచ్చేవాటిలో ఒకటి హైడ్రోజన్ ఫ్లోరైడ్, హెచ్‌ఎఫ్. చల్లగా, న్యూట్రల్‌గా ఉన్నంతసేపు ఈ చర్య చాలా నెమ్మది. వేడి చేసినా, యాసిడ్ తగిలినా వేగం పెరుగుతుంది. 2003లోనే అలబామా యూనివర్సిటీలో రాబిన్ రోజర్స్ బృందం ఈ విషయాన్ని పేపర్‌గా వేసింది. బీమిమ్ పీఎఫ్6ను శుద్ధి చేస్తుంటే అది విడిపోయి ఏర్పడిన ఫ్లోరైడ్ లవణం హైడ్రేట్ స్ఫటికాలు వాళ్లకు దొరికాయి. రెండు దశాబ్దాలు దాటినా ల్యాబుల్లో ఈ కబురు చేరనివాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

మీ పని చూడండి. లోహాల ఎక్స్‌ట్రాక్షన్ అంటే సాధారణంగా యాసిడ్ కలిపిన నీరు, పక్కన ఈ ద్రవం, గట్టిగా షేక్ చేయడం, ఒక్కోసారి వేడి చేయడం. హెచ్‌ఎఫ్ పుట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయి. “ఇది నీటితో కలవదు కదా” అంటారు. పొర వేరుగా కనిపిస్తుంది నిజమే, కానీ నీటితో బాగా కలిపి ఉంచితే దాదాపు 2 శాతం నీటిని లోపల దాచుకుంటుంది. అది కూడా దాదాపు అదే మోతాదులో నీటిలోకి వెళ్తుంది. కాబట్టి పైన కనిపించే నీటి పొర ఉత్త నీరు కాదు. సింకు సంగతికి మళ్లీ వస్తాను.

మా ల్యాబులో ఒక జూనియర్ తడిగా ఉన్న బీమిమ్ పీఎఫ్6ని రౌండ్ బాటమ్ ఫ్లాస్కులో వేసి రాత్రంతా వేడి మీద ఉంచాడు. పొద్దున ఫ్లాస్కు ఖాళీ చేసి కడిగితే అడుగు భాగం మసకబారి ఉంది. ఎంత తోమినా పోలేదు, ఎందుకంటే అది మురికి కాదు, గాజే కరిగింది. సిలికాను తినే యాసిడ్ మన బెంచి మీద హెచ్‌ఎఫ్ తప్ప ఇంకేముంటుంది? దాన్ని ఉత్త చేతులతో కడిగాడు. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. మీ ల్యాబులో సెపరేటింగ్ ఫనల్స్, వయల్స్ లోపలివైపు ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. తెల్లగా మసకబారి ఉంటే సీనియర్లకు చూపించండి, నా జవాబు కంటే అదే గట్టిగా చెప్తుంది.

హెచ్‌ఎఫ్ గురించి తెలియకపోతే ఇక్కడ ఆగి చదవండి. పలచటి హెచ్‌ఎఫ్ చర్మానికి తగిలినప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చు. నొప్పి గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి మొదలవుతుంది. అప్పటికే ఫ్లోరైడ్ లోపలికి ఇంకి కణాల్లోని కాల్షియాన్ని పట్టేస్తూ ఉంటుంది. మోతాదు ఎక్కువైతే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే నొప్పి కోసం ఎదురు చూడకూడదు. వెంటనే ఆ గ్లవ్స్, బట్టలు తీసేస్తూ ధారగా నీటితో కడిగి, 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్‌ను రాస్తూ ఆసుపత్రికి వెళ్లాలి. జెల్ రాసేవాళ్లు కూడా గ్లవ్స్ వేసుకోవాలి. కంట్లో పడితే జెల్ జోలికి పోకుండా నీటితో కడుగుతూనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. డాక్టరుకి “అయానిక్ లిక్విడ్ పడింది” అంటే అర్థం కాదు. “హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తగిలి ఉండొచ్చు” అని చెప్పి, సేఫ్టీ డేటా షీటు కాపీ చేతిలో పెట్టండి. ఆ జెల్ వీధి చివర మందుల షాపులో దొరుకుతుందనుకోకండి. పని మొదలుపెట్టే ముందే తెప్పించి, ఎక్స్‌పైరీ చూసి, ఫ్యూమ్ హుడ్ (పొగల్ని బయటికి లాగేసే ల్యాబు అర) పక్కన పెట్టుకోవాలి. గైడుని అడగడానికి మొహమాటపడాల్సిన వస్తువు కాదది.

వేడి విషయంలో ఇంకో అపోహ ఉంది. “350 డిగ్రీల వరకు స్టేబుల్” అని పేపర్లలో రాస్తారు. ఆ అంకె చాలాసార్లు టీజీఏలో (వేడిచేస్తూ శాంపిల్ బరువు ఎంత తగ్గిందో కొలిచే పరీక్షలో) నిమిషానికి పది డిగ్రీల చొప్పున వేగంగా వేడిచేసి తీసినది. గంటల తరబడి ఒకే వేడి మీద ఉంచితే అంతకంటే చాలా కిందే విడిపోవడం మొదలవుతుంది. అస్సలు ఆవిరి కావన్న మాట కూడా 2006లో పోయింది. బెల్‌ఫాస్ట్, లిస్బన్ పరిశోధకులు కలిసి కొన్ని అయానిక్ లిక్విడ్లను తక్కువ పీడనంలో డిస్టిల్ చేసి చూపించారు. అదే ఏడాది రోజర్స్ వాళ్లతో కూడిన మరో బృందం వీటిలో కొన్ని బాగా మండుతాయని కూడా రాసింది. వేడి చేస్తే ఫ్యూమ్ హుడ్‌లోనే. మూసేసిన గాజు వయల్‌లో పెట్టి మైక్రోవేవ్ చేయడం మాత్రం పీఎఫ్6తో చేయొద్దు. అయాన్లు మైక్రోవేవ్‌ను విపరీతంగా పీల్చుకుని అనుకున్నదానికంటే వేగంగా వేడెక్కుతాయి, లోపల పీడనం, పైగా గాజును తినే యాసిడ్.

విషం సంగతి. మీ సీసాలోని బీమిమ్ అయానే ఉన్న బీమిమ్ క్లోరైడ్‌ను ఎలుకల నోటికి ఇచ్చి చూసిన 2005 నాటి పరీక్షలో సగం చచ్చిపోయే మోతాదు కిలో బరువుకి 550 మిల్లీగ్రాములు. వంటింటి ఉప్పుకి ఆ అంకె సుమారు 3000. ఇమిడజోలియంకి తగిలించిన ఆల్కైల్ (కార్బన్) గొలుసు పొడవయ్యేకొద్దీ నీటి జీవులకు ఇవి ఇంకా ప్రమాదకరమవుతాయి, నాలుగు కార్బన్ల బ్యుటైల్ కంటే ఎనిమిది, పది కార్బన్ల ఆక్టైల్, డెసైల్ ఎక్కువ. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ పరిశోధకులు ఒక చెత్త డంపింగ్ స్థలం దగ్గరి మట్టిలో ఆక్టైల్ మిథైల్ ఇమిడజోలియంను గుర్తించి, ఒక రకం కాలేయ జబ్బుకి అది ప్రేరకం కావచ్చునని 2018లో ప్రచురించారు. అది ఇంకా అనుమానమే, రుజువు కాదు. కానీ ఇవి పర్యావరణంలో కనబడకుండా మాయమైపోతాయన్న ధీమాకి మాత్రం అది జవాబు.

మీరు రోజూ చేయాల్సింది పెద్దగా కష్టమేమీ కాదు. నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు ఒకదాని మీద ఒకటి. చుక్క పడగానే పై జత మార్చండి, ఆరిపోతుందని ఆగకండి. అది ఆరదు. పలచటి నైట్రైల్ హెచ్‌ఎఫ్‌ను ఎక్కువసేపు ఆపదు కాబట్టి, పాత సీసాలు, వేడిచేసిన శాంపిల్స్ పట్టుకునేటప్పుడు మందపాటి నియోప్రీన్ వాడండి. కళ్లకి గాగుల్స్, మామూలు కళ్లద్దాలు చాలవు. నిల్వకు గాజు వద్దు, పాలిథిన్ లేదా పాలీప్రొపిలీన్ సీసా, తెరిచిన తేదీ రాసి. పాత స్టాక్ వాడే ముందు కాస్త తీసుకుని ప్లాస్టిక్ ట్యూబులో నీటితో కలిపి, ఆ నీటి పొరని పీహెచ్ పేపరుతో చూడండి. ఎర్రగా మారితే ఆ సీసా పని అయిపోయినట్టే. ల్యాబులోనే తయారుచేసిన సరుకైతే ఈ పరీక్ష తప్పనిసరి. కొందరు హెక్సాఫ్లోరోఫాస్ఫోరిక్ యాసిడ్‌తో చేస్తారు, సరిగా కడగకపోతే ఆ యాసిడ్ లోపలే మిగిలిపోతుంది.

ఇంకో మాట గైడుతో. ఎక్స్‌ట్రాక్షన్‌కి పీఎఫ్6 తప్పనిసరి కాకపోతే, పీఎఫ్6 బదులు ఎన్‌టీఎఫ్2 (బిస్ ట్రైఫ్లోరోమిథైల్‌సల్ఫోనైల్ ఇమైడ్) అయాన్ ఉన్నదాన్ని అడిగి చూడండి. అదీ నీటితో కలవదు, నీటితో అలా విడిపోయి హెచ్‌ఎఫ్ ఇవ్వదు. ధర ఎక్కువ. పైగా దానిలోని సీఎఫ్3 గ్రూపుల వల్ల ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2021 నిర్వచనం ప్రకారం అది పీఫాస్ (ఫ్లోరిన్ నిండిన, త్వరగా విడిపోని రసాయనాలు) కిందికే వస్తుంది, ప్రకృతిలో తొందరగా పోదు. నేనైతే మీ పనికి దాన్నే ఎంచుకుంటాను. చేతికి తగిలే ప్రమాదాన్ని తగ్గించుకుని, వేస్ట్‌ని జాగ్రత్తగా పట్టుకోవడం సులువు. పేరులో ‘అయానిక్ లిక్విడ్’ ఉందని అన్నీ ఒకటే అనుకోకండి. క్లోరోఅల్యూమినేట్లు అనే రకం తేమ తగిలితే చాలు హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు కక్కుతాయి. డైసయనమైడ్లు అనే మరో రకంలో కొన్ని పొగలు కక్కే నైట్రిక్ యాసిడ్ తగలగానే మంట అందుకుంటాయి, రాకెట్ ఇంధనంగా పనికొస్తాయా అని పరీక్షించింది అందుకే. కాబట్టి ఏ అయానిక్ లిక్విడ్ గ్లాస్‌వేర్‌నైనా నైట్రిక్ యాసిడ్‌తో శుభ్రం చేయొద్దు.

సింకు సంగతి: వద్దు. ఎక్స్‌ట్రాక్షన్ తర్వాతి నీటి పొర, గ్లాస్‌వేర్ కడిగిన అసిటోన్, తుడిచిన టిష్యూలు, అన్నీ వేస్టే. ద్రవాలు మూతున్న ప్లాస్టిక్ క్యానులో, “ఫ్లోరిన్ ఉంది, హెచ్‌ఎఫ్ రావచ్చు” అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆర్గానిక్ సాల్వెంట్ కడుగుళ్లకు, నీటి పొరకు క్యాన్లు వేరు వేరుగా ఉండాలి, వేరే యాసిడ్ వేస్ట్‌లో అసలు కలపొద్దు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం మామూలుగా 90 రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే దుండిగల్‌లో, విశాఖ వైపైతే పరవాడలో ఇలాంటి వ్యర్థాలను తీసుకునే కేంద్రాలున్నాయి. మీ ఇన్‌స్టిట్యూట్‌కి వాటిలో ఒకదానితో ఒప్పందం ఉందేమో స్టోర్స్‌లోనో సేఫ్టీ ఆఫీసులోనో అడగండి. లేకపోతే ఆ క్యాను ఎక్కడికి వెళ్తుందో గైడు చేత రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే మొదటి బ్యాచ్ మొదలుపెట్టండి.